టేకు తలుపులు, క్రీమ్ గోడలు ఉన్న ఇంట్లో గచ్చు ఏ రంగు వేయించాలి?

ముందు మీ ప్రశ్న ఒకసారి చెప్పేస్తాను, చదివేవాళ్ళందరికీ అర్థమవుతుంది. విజయనగరంలో తూర్పు ముఖం ఇల్లు, కట్టి పదిహేడేళ్ళయింది, హాల్లో పాత ఐవరీ టైల్స్ అక్కడక్కడా చిట్లాయి, కొన్నిచోట్ల నడుస్తుంటే డొల్ల శబ్దం వస్తోంది. గోడలు క్రీమ్, తలుపులు టేకు, సోఫా ముదురు కాఫీ రంగు, టీవీ యూనిట్ కూడా చెక్కదే. ఇవేవీ మార్చరు, గచ్చు ఒక్కటే మారుస్తారు. మీ ఆవిడకి తెల్లటి గ్లాసీ టైల్ కావాలి, అబ్బాయికి గ్రే కావాలి, షాపులో ఏమో చెక్క డిజైన్ టైల్ వేసుకోండి అద్దిరిపోతుంది అంటున్నారు. ఏది వేయించాలి అని అడిగారు.

సూటిగా చెప్పేస్తాను, మూడూ వద్దండి. మీ ఇంటికి నేనైతే వేసేది లేత బీజ్. బ్లీచ్ చేయని పొందూరు ఖద్దరు ఉంటుంది చూడండి, ఆ రంగు కన్నా ఒక్క పిసరు ముదురు, పసుపు వైపు మొగ్గాలి గానీ గులాబీ వైపు మొగ్గకూడదు. మెరుపు బాగా తక్కువ ఉండాలి, మ్యాట్ గానీ శాటిన్ గానీ. డిజైన్ అసలు లేకపోయినా పర్లేదు, ఉంటే సన్నగా మబ్బు కమ్మినట్టు ఉండాలి తప్ప పెద్ద పెద్ద గీతలొద్దు.

నేను శ్రీకాకుళంలో టైల్స్ పని మొదలెట్టి ఇరవై రెండేళ్ళయింది, మొదట్లో మేస్త్రి దగ్గర సిమెంటు కలిపేవాణ్ణి, ఇప్పుడు రెండు జిల్లాల్లోనూ ఇళ్ళకి ఫ్లోరింగ్ పని ఒప్పుకుంటాను. ఇన్నేళ్ళలో నేను చూసిందేంటంటే, గచ్చు రంగు బాగోలేదని బాధపడినవాళ్ళలో చాలామంది కొన్న టైల్ విడిగా చూస్తే చాలా బావుంటుంది. వాళ్ళ తలుపుల పక్కన, వాళ్ళ గోడల మధ్యన బాగోదు, అంతే. టైల్‌ని షాపులో చూసి ఎంచుకుంటాం, బతికేది ఇంట్లో కదా.

అందుకే ముందు ఇంట్లో మారనివి ఏంటో చూడాలి. మీకు మారనివి టేకు, క్రీమ్, కాఫీ రంగు. టేకు కొత్తలో తేనె రంగులో ఉంటుంది, పాలిష్ మీద పాలిష్ పడి ఏళ్ళు గడిచేకొద్దీ కాస్త ఎరుపు తిరుగుతుంది. క్రీమ్‌లో పసుపుంది. కాఫీ రంగులో ఎరుపుంది. అంటే మీ ఇల్లంతా వేడి రంగుల్లోనే ఉంది. వీటి కింద నీలం వైపు మొగ్గిన గ్రే పెడితే గ్రేకి ఏమీ కాదు, మీ గోడలు మాసినట్టు కనపడతాయి. ఇది చెప్తే నమ్మరు, చూస్తేనే తెలుస్తుంది. విజయనగరంలో కంటోన్మెంట్ వైపు ఒకింట్లో రెండు బై నాలుగు అడుగుల గ్రే టైల్ వేశాం, వాళ్ళే ఏరికోరి తెచ్చుకున్నారు, నిజంగా చాలా అందమైన టైల్. పనైపోయి కడిగాక ఆ ఇంటావిడ గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసి, "బాబూ, గోడలు పొగసూరిపోయినట్టున్నాయేటి? ఆర్నెల్ల కిందటే కదా రంగులేయించాం" అంది. గోడలకి ఏమీ కాలేదు, కింద చల్లటి రంగు వచ్చేసరికి పైనున్న పసుపు బయటపడింది. చివరికి గోడలన్నిటికీ మళ్ళీ రంగు వేయించారు. మీరు గోడలు మార్చనన్నారు కాబట్టి గ్రే మాట వదిలేయండి. మీ అబ్బాయికి గ్రే మీద మరీ మనసుంటే వాళ్ళ గదిలో గోడ రంగుతో సహా మార్చి వేయించండి, ఆ గది తలుపేస్తే హాలుకి సంబంధం లేదు.

ఇక తెలుపు సంగతి. మీ ఆవిడ తెలుపు అడిగారంటే హాల్లో వెలుతురు తక్కువుందని నా అనుమానం, ఒక్కటే కిటికీ అని మీరే రాశారు. ఆవిడ కోరిక సబబే, ఇల్లు వెలుగ్గా ఉండాలని ఎవరికుండదు. కానీ మన విజయనగరం మట్టి ఎర్రమట్టి. వానాకాలంలో ఒక్క మనిషి బయట్నుంచి వచ్చి వెళ్తే తెల్ల గచ్చు మీద అడుగులు లెక్కపెట్టొచ్చు. రాలిన వెంట్రుక, చీమల బారు, అన్నీ కనపడతాయి, రోజుకి రెండుసార్లు తడిగుడ్డ పెట్టగలిగితేనే తెలుపు. ఇంకోటి, తూర్పు ముఖం ఇల్లు అన్నారు, పొద్దున్న ఏడు నుంచి తొమ్మిది దాకా సింహద్వారంలోంచి ఎండ ఏటవాలుగా లోపలికి పడుతుంది, గ్లాసీ తెలుపు మీద పడిందంటే అద్దం పెట్టి కొట్టినట్టు కళ్ళలోకి కొడుతుంది.

వీటన్నిటికన్నా ముఖ్యమైంది మీ అమ్మగారు మీతోనే ఉంటారన్నారు చూడండి, అది. మెరిసే తెల్ల గచ్చు మీద నీళ్ళు ఒలికితే ఆ తడి కనపడదు. బీజ్ మ్యాట్ మీద తడి పడితే అక్కడ రంగు కాస్త ముదురుతుంది, కంటికి తెలుస్తుంది. ఒక రిటైర్డ్ మాస్టారి ఇంట్లో గ్లాసీ వేసిన నాలుగో నెలలోనే వాళ్ళమ్మగారు వాటర్ ఫిల్టర్ దగ్గర జారి పడిపోయి తుంటి విరిగింది. ఆ పని నేనే చేశాను. మాస్టారు నన్ను ఒక్క మాట అనలేదు గానీ నాకు ఇప్పటికీ బాధే. అప్పట్నుంచి పెద్దవాళ్ళున్న ఇంట్లో గ్లాసీ వేయమంటే ఒకసారి గట్టిగా వద్దని చెప్పాకే పని మొదలెడతాను.

చెక్క డిజైన్ టైల్ ఎందుకొద్దంటున్నానంటే, అది బాగోదని కాదు, మీ ఇంట్లో ఇప్పటికే చెక్క ఎక్కువైపోయింది. అసలు చెక్క పక్కన ప్రింటు చెక్క పెడితే రెండూ చెడిపోతాయి. అరసవల్లి వెళ్ళే దారిలో ఒకింట్లో ఇలాగే టేకు తలుపులకి మ్యాచింగ్ అని టేకు రంగు పలకలు వేయించుకున్నారు. తలుపు ఎక్కడైపోయిందో గచ్చు ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు, సోఫా కాళ్ళు, టీపాయి అన్నీ అందులో కలిసిపోయాయి, పండక్కి పాలిష్ చేయించిన తలుపులు ఎవరికీ ఆనేవి కావు. అక్కడ నేర్చుకున్నది ఒకటే, చెక్కకి గచ్చు జోడీ అవ్వాలి గానీ నకలు అవ్వకూడదు. చెక్క కన్నా బాగా లేతగా ఉండాలి, లేదంటే బాగా ముదురుగా ఉండాలి, మధ్యలో ఉంటే మాత్రం రెండూ పోతాయి.

మరి ముదురు వేసుకోవచ్చు కదా అని మీకు అనుమానం రావచ్చు. మా ఇంట్లో హాలుకి నల్ల గ్రానైట్ వేశాం, ఎనిమిదేళ్ళయింది. చల్లగా ఉంటుంది, గట్టిగా ఉంటుంది, మరక పట్టదు. కానీ మాది బోరు నీళ్ళు, ఉప్పు శాతం ఎక్కువ, తుడిచి ఆరాక తెల్లటి చారలు తేలతాయి, మళ్ళీ పొడిగుడ్డతో తుడవాలి. దుమ్ము కూడా తెలుపు మీద కన్నా నలుపు మీదే ఎక్కువ కనపడుతుంది, ఇది చాలామందికి తెలియదు. తెలుపు మీద ఎర్రమట్టి, నలుపు మీద తెల్ల దుమ్ము, తెలుపూ నలుపూ కాని లేత బీజ్ మీద రెండూ అంత తొందరగా బయటపడవు. మీ హాలుకి కిటికీ ఒక్కటే కాబట్టి ముదురు రంగు వేస్తే పగలే లైటు వేసుకోవాలి.

ఇప్పుడు అసలు సంగతి, శాంపిల్ ఎలా చూడాలి. దీనికి మూడు రోజులు పెట్టండి, తొందరపడొద్దు. నచ్చిన మూడు షేడ్లలో ఒక్కో పలక ఇంటికి తెచ్చుకోండి, డిపాజిట్ కడితే చాలా షాపుల్లో ఇస్తారు, ఇవ్వకపోతే కొనేయండి, ఆ డబ్బు దండగ కాదు. షాపులో పలకని నిలబెట్టి చూపిస్తారు, దాని మీదికి తెల్లటి లైట్లు కొడుతుంటాయి. ఇంట్లో గచ్చు పడుకుని ఉంటుంది, పైనుంచి చూస్తాం, అదే పలక పడుకోబెడితే ఒక్కోసారి ఒక షేడు ముదిరినట్టు కనపడుతుంది. అందుకని పలకని నేల మీద పరిచి, ఒక అంచు టేకు గుమ్మానికి తగిలేలా పెట్టండి. పక్కన ఒక తెల్ల కాగితం, ప్రింటర్లో పెట్టేది, పెట్టండి. మామూలుగా చూస్తే "క్రీమే కదా" అనిపించిన పలక తెల్ల కాగితం పక్కన పెట్టగానే దాని మనసులో మాట చెప్పేస్తుంది, ఒకటి గులాబీగా తేలుతుంది, ఒకటి ఆకుపచ్చగా, ఒకటి పసుపుగా. మీకు కావాల్సింది ఆ మూడోది. గులాబీ వైపు మొగ్గింది టేకు ఎరుపుతో గొడవ పడుతుంది, ఆకుపచ్చ వైపుది ట్యూబులైటు కింద నాచు పట్టినట్టుంటుంది.

అలా పెట్టి పొద్దున్న ఎండ పడేటప్పుడు చూడండి, మధ్యాహ్నం మూడింటికి చూడండి, రాత్రి లైట్లేసి చూడండి. తర్వాత పలకని సోఫా కాలు దగ్గరికి జరపండి. దాని మీద నాలుగు చుక్కలు నీళ్ళు పోయండి, కాస్త ఎర్రమట్టి రాల్చండి, ఒక వెంట్రుక వేయండి, నిలబడి చూస్తే ఎంత కనపడుతుందో చూడండి. ఇంట్లో బుడితి ఇత్తడి సామాను ఏదైనా ఉంటే, చెంబో కుందో, దాని పక్కన పెట్టండి. మన ఇళ్ళల్లో పండక్కీ పబ్బానికీ గచ్చు మీదికొచ్చేవి ఇత్తడి, పసుపు, అరిటాకు, పూలే కదా, ఆ రంగుల పక్కన గచ్చు కళగా ఉంటే రోజూ బావుంటుంది. ఫోన్లో ఫొటో చూసి, కేటలాగు చూసి మాత్రం ఖాయం చేయొద్దు.

లైట్ల గురించి కూడా ఒక మాట. చాలా ఇళ్ళల్లో ఇప్పుడు 6500 కెల్విన్ (లైటు రంగు కొలత) ఎల్ఈడీలు ఉంటాయి, తెల్లగా కాస్త నీలం కొడుతూ. వాటి కింద మీ టేకు, మీ క్రీమ్, కొత్త బీజ్ అన్నీ పాలిపోతాయి. గచ్చుకి అంత ఖర్చు పెడుతున్నారు, హాల్లో బల్బులు 4000 కెల్విన్‌కి మార్చండి, బల్బు డబ్బా మీద రాసి ఉంటుంది. బల్బులు ఇంకో రెండు పెంచండి, సీలింగు క్రీమ్ ఉంటే అది ఒక్కటీ తెలుపు చేయించండి, మీ ఆవిడ కోరుకున్న వెలుతురు తెల్ల టైల్ వల్ల కన్నా వీటివల్లే ఎక్కువ వస్తుంది.

పాత గచ్చు మార్చాలా వద్దా అన్నది కూడా రంగు విషయమే అంటాను నేను. బొబ్బిలి దగ్గర ఒక పాత మండువా ఇంట్లో ఎర్ర గచ్చు తీసేసి టైల్స్ వేయమని పిలిచారు. సిమెంటులో రెడ్ ఆక్సైడ్ కలిపి పాలిష్ చేసిన పాతకాలం గచ్చు, డెబ్భై ఏళ్ళ పాదాలు నడిచి నడిచి రాగి బిందెలా తిరిగింది, అక్కడక్కడా సన్నటి నెర్రెలు. హాల్లో గోడ వారన చాప మీద పనస కర్ర వీణ, బొబ్బిలి వీణే, ఆ ఎరుపు మీద ఆ వీణ ఎంత నిండుగా ఉందో చెప్పలేను. కొలతలు తీసుకోకుండానే "అయ్యా, ఇది తీయకండి" అన్నాను. నెర్రెలు పూడ్చి, నున్నగా రుద్ది, కొబ్బరినూనె పట్టించాం, వంటిల్లు ఒక్కటీ తాండూరు బండలతో కొత్తగా వేశాం. నా పని నాలుగో వంతుకి పడిపోయింది, అయినా ఆ ఇంటికి అదే సరైనదని ఇప్పటికీ అనుకుంటాను. మీ ఐవరీ టైల్స్‌కి అంత చరిత్ర లేదు, పైగా చిట్లాయి, మార్చడమే మంచిది.

మీరు డొల్ల శబ్దం అన్నారు కాబట్టి పాత టైల్ మీదే కొత్త టైల్ అతికించడం మీకు కుదరదు. కొంతమంది మేస్త్రిలు కెమికల్ పెట్టి పైనే వేసేస్తాం, పగలగొట్టే పని ఉండదు అంటారు. కింద గట్టిగా ఉన్నచోట అది మంచి పద్ధతే, డొల్ల ఉన్నచోట కింది పలక లేస్తే పైది కూడా లేస్తుంది. అదీగాక టైలు, గమ్ము కలిపి సుమారు అర అంగుళం పైన లేస్తుంది, మీ టేకు తలుపులన్నీ కింద కోయాలి. పగలగొట్టి తీయించేయండి, మూడు నాలుగు రోజులు దుమ్ము భరించాలి, తప్పదు.

కొనేటప్పుడు డబుల్ చార్జ్ విట్రిఫైడ్ అడగండి. అందులో పైరంగు మూడు నాలుగు మిల్లీమీటర్ల లోతు ఉంటుంది, గీత పడినా లోపల అదే రంగు. ప్రింటు చేసి గ్లేజ్ వేసిన టైల్స్‌లో డిజైన్లు అందంగా ఉంటాయి గానీ, అంచు చిట్లితే లోపలి వేరే రంగు బయటపడుతుంది. డబుల్ చార్జ్ ఎక్కువగా పాలిష్‌లోనే దొరుకుతుంది, మ్యాట్ దొరక్కపోతే మీ ఇంటి వరకు నేను మ్యాట్‌కే ఓటేస్తాను, ప్రింటు టైల్ అయినా సరే, మీ అమ్మగారున్నారు కాబట్టి. కళింగపట్నం లాంటి సముద్రం ఒడ్డు ఊళ్ళవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే మీక్కూడా మ్యాట్, ఇసుక రంగే. కాళ్ళకి అంటుకుని వచ్చిన ఇసుక గ్లాసీ మీద గరుకు కాగితంలా పనిచేస్తుంది, రెండేళ్ళకే గుమ్మం దగ్గర మెరుపు పోతుంది.

బాక్సుల మీద షేడ్ నంబరు, బ్యాచ్ నంబరు ఉంటాయి, అన్ని బాక్సులకీ ఒకటే ఉందో లేదో ఆటోలోంచి దించకముందే చూడండి. ఒకే డిజైన్, ఒకే పేరు, బ్యాచ్ మారితే రంగు తేడా వస్తుంది, విడివిడిగా చూస్తే తెలీదు, గచ్చు మీద పక్కపక్కన పడ్డాక సంధ్యవేళ లైటులో అతుకేసినట్టు కనపడుతుంది. కొలతకి పది శాతం ఎక్కువ తీసుకోండి, పనైపోయాక రెండు బాక్సులు మంచం కిందో అటక మీదో దాచండి. ఐదేళ్ళ తర్వాత ఒక పలక పగిలితే అదే షేడు మళ్ళీ దొరకదు. పరిచేటప్పుడు నాలుగైదు బాక్సులు ఒకేసారి విప్పి కలిపి పరచమనండి.

పలకల మధ్య సందుల్లో నింపే గ్రౌట్ తెలుపు వేయనీయకండి. అది ఎంత బాగా వేసినా కొన్ని నెలలకి నడిచే దారి పొడవునా నల్లబడుతుంది, గోడ వారన తెల్లగానే ఉంటుంది, గచ్చు మీద దారి గీసినట్టుంటుంది. టైల్ కన్నా ఒక్క షేడు ముదురు ఎంచుకోండి. వంటింట్లో మాత్రం ఎపాక్సీ గ్రౌట్ వేయించండి, ఖర్చు ఎక్కువే, కానీ పసుపు, నూనె లోపలికి పీల్చదు.

మిగతా గదులు త్వరగా చెప్పేస్తాను. పడగ్గదులకి హాల్లో టైలే కొనసాగించండి, గుమ్మం దగ్గర రంగు మారకపోతే ఇల్లు పెద్దదిగా కనపడుతుంది. వంటింటికి అదే రంగులో ఇంకో షేడు ముదురు. పూజగదికి మార్బుల్ అడుగుతారు చాలామంది, వేసుకోండి గానీ నిమ్మకాయ, చింతపండు పులుపు పడితే మార్బుల్ పాలిష్ తినేస్తుంది, దీపం నూనె కూడా పీలుస్తుంది, అక్కడ చిన్న పీట వేసుకోండి. వరండాకి, మెట్లకి మాత్రం మన టెక్కలి వైపు దొరికే శ్రీకాకుళం బ్లూ గ్రానైట్ చూడండి, పాలిష్ లేకుండా గరుకుగా చేయించి. నీలం, బూడిద కలిసిన రాయి, లోపల మీ క్రీమ్ పక్కన కుదరదు, బయట వెలుతురులో మాత్రం హుందాగా ఉంటుంది, పైగా తెల్ల ముగ్గు దాని మీద ఎంత బాగా తేలుతుందో. లేత టైల్ వేసిన వరండాలో ముగ్గేస్తే కనపడనే కనపడదు, సంక్రాంతి వచ్చాక గానీ ఆ సంగతి ఎవరికీ గుర్తురాదు.

గోడ అడుగున పెట్టే పట్టీ, అదే స్కర్టింగ్, ఏ రంగు అని చివర్లో అడిగారు. గచ్చు టైలే నాలుగంగుళాలు కోసి పెట్టించండి. ముదురు స్కర్టింగ్ పెడితే చిన్న హాలు చుట్టూ నల్ల అంచు కట్టినట్టయి గది ఇంకా చిన్నదవుతుంది. సోఫా గురించి బెంగ పెట్టుకోకండి, లేత బీజ్ మీద ముదురు కాఫీ రంగు ఇప్పటి కన్నా బాగా నిలబడుతుంది, కావాలంటే కింద మెరూన్ తివాచీ ఒకటి వేసుకోండి.

పని పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం లోపల అవ్వాలన్నారు కాబట్టి శాంపిల్ పలకలు ఈ వారమే తెచ్చుకోండి, పండగ దగ్గరపడితే మంచి మేస్త్రిలు దొరకరు. గుమ్మం దగ్గర పరిచి పొద్దున్న ఒక ఫొటో, రాత్రి ఒక ఫొటో తీసి ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను. ఫొటోలో పలక పక్కన తెల్ల కాగితం తప్పకుండా ఉండాలి, అది లేకపోతే ఫోన్ రంగు మార్చేస్తుంది, నేను చెప్పేది తప్పయిపోతుంది.